స్టీరింగ్ లూజయితే: టై రాడ్‌తో పోతుందా, ర్యాక్ దాకా వెళ్లాలా?

"స్టీరింగ్ లూజుగా ఉందండీ" అని బండి తీసుకెళ్తే చాలా షెడ్లలో పది నిమిషాల్లో తేల్చేస్తారు: "ర్యాక్ పోయింది సార్." ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పడాన్ని పక్కలకు జరిగే కదలికగా మార్చే పళ్ల కడ్డీ, దాని పెట్టె. ఆ కదలికను చక్రాలకు చేర్చే కడ్డీలే టై రాడ్లు. ఒక్కోసారి షెడ్డువాళ్ల మాట నిజమే. కానీ స్కార్పియో, ఎక్స్‌యూవీ500, క్రెటా, ఇన్నోవా లాంటి ఇంటి బండ్లలో, లక్ష కిలోమీటర్ల దగ్గరికి వచ్చాక, లూజు సాధారణంగా మొదలయ్యేది ర్యాక్‌లో కాదు. దాని చుట్టూ ఉండే జాయింట్లలో, ఇనుప భాగాల మధ్య మెత్తగా ఉండే రబ్బరు బుష్‌లలో. ఆ రిపేర్లు వందల్లోనో, కొన్ని వేలల్లోనో అయిపోతాయి. కొత్త ర్యాక్ అంటే పదుల వేలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకూడదంటే చూసే వరస ముఖ్యం. నా సలహా ఒక్కటే: ఏ పార్ట్ పోయిందంటున్నారో, ఆ పార్ట్ కదలడం మీ కళ్లతో చూశాకే డబ్బు తీయండి.

ముందు కంప్లయింట్ ఏమిటో తేల్చుకోవాలి

లూజు అనే ఒక్క మాట కింద నాలుగు రకాల బాధలు చెబుతుంటారు. స్టీరింగ్ కొంచెం తిప్పినా చక్రం కదలకపోవడం ఒకటి. దాన్నే మెకానిక్‌లు ప్లే అంటారు, అసలు లూజు ఇదే. హైవే మీద బండి నేరుగా నిలవక అటూ ఇటూ తేలుతుంటే, మాటిమాటికీ సరిచేస్తూ నడపాల్సి వస్తే, అది వేరే సంగతి. అందులో టైర్లు, అలైన్‌మెంట్, వెనక బుష్‌లు, అన్నిటి పాత్రా ఉంటుంది. ఎనభై, తొంభై స్పీడులో స్టీరింగ్ వణికి ఆ పైన తగ్గిపోతే ముందు అనుమానించాల్సింది వీల్ బ్యాలెన్సింగ్. నాలుగోది, బండి ఒక పక్కకే లాగడం. అది టైరో, అలైన్‌మెంటో, పట్టుకుపోయిన బ్రేక్ కాలిపరో అవుతుంది.

ఐదో రకం కూడా ఉంది గానీ అది రోగం కాదు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ పాత బండి అమ్మి, ఎలక్ట్రిక్ స్టీరింగ్ కొత్త బండి కొన్నవాళ్లకు మొదట్లో అంతా లూజుగానే అనిపిస్తుంది. అది తేలికదనం. పార్కింగ్‌లో ఒక్క వేలితో తిరగాలని కంపెనీ అలాగే చేసింది. తేలికకూ లూజుకూ తేడా ఇలా తెలుస్తుంది: వేలితో సుతారంగా తిప్పినా చక్రం వెంటనే కదిలితే అది తేలిక. చేయి కదిలాక కాసేపటికి చక్రం కదిలితే లూజు.

ఆ 'కాసేపు' ఎంతో కొలవడానికి షెడ్డుకు వెళ్లక్కర్లేదు. బండిని చదునైన చోట ఆపి, చక్రాలు నేరుగా పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. స్టీరింగ్ రిమ్ పైభాగాన చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని వెనక మీటర్ల వైపు స్కూలు స్కేలు ఒకటి పట్టుకోండి. కిటికీ దించి, ఇంకొకరిని బయట ముందు టైరు దగ్గర నిలబెట్టండి. మెల్లగా ఎడమకు తిప్పుతూ టైరు కదిలిందని వాళ్లు చెప్పగానే ఆగి, స్కేలు మీద టేపు ఎక్కడుందో చూడండి. తర్వాత కుడికి అలాగే. ఈ రెండు గుర్తుల మధ్య దూరమే ప్లే. చాలా కార్ల సర్వీస్ మాన్యువళ్లలో దీనికి పైహద్దు 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న బండికి అందులో సగం కూడా రాదు. టాటా సుమో, పాత జీపుల తరహా బండ్లకు ర్యాక్ ఉండదు, స్టీరింగ్ గేర్ బాక్స్ ఉంటుంది. వాటికి కొంచెం ఎక్కువ ప్లే మామూలే.

జాకీ ఎత్తకముందు అయ్యే పనులు

టైర్లలో గాలి సరిచూడండి, అదీ బండి చల్లగా ఉన్నప్పుడు. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. బంకులో కుర్రాడు అన్ని బండ్లకూ కొట్టే లెక్క కాదు. ముందు టైర్లలో గాలి తగ్గితే పక్కగోడ మెత్తబడి స్టీరింగ్ మొద్దుబారుతుంది. ఏడుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్ కూడా కట్టుకుని తిరుపతి బయల్దేరితే బరువంతా వెనక్కి పడి ముందు భాగం తేలిపోతుంది. అప్పుడు అనిపించే లూజుకు మార్చాల్సిన పార్టేమీ ఉండదు. ఫుల్ లోడుకు స్టిక్కర్ మీద విడిగా రాసిన గాలి కొట్టించి, బరువైన సామాను వెనక సీటుకు ఆనేలా వీలైనంత ముందుకు జరపడమే.

తర్వాత టైర్లను చేత్తో తడమండి. లోపలి అంచో బయటి అంచో రంపంలా గరుకుగా తగిలితే అలైన్‌మెంట్ తప్పిందన్నమాట. కొన్నప్పటికంటే వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్‌లు, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు వేయించి ఉంటే, లూజు అప్పటినుంచే మొదలైందేమో గుర్తు తెచ్చుకోండి. జాయింట్లు కొత్తవి వేసినా ఆ సమస్య పూర్తిగా పోదు.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. లూజు ఉందని నేరుగా అలైన్‌మెంట్ సెంటర్‌కు వెళ్తారు. జాయింట్‌లో ప్లే ఉండగా చేసిన అలైన్‌మెంట్ నిలవదు. మెషీన్ మీద లెక్కలన్నీ ఆకుపచ్చగా వస్తాయి, మొదటి స్పీడ్ బ్రేకర్ దాటగానే మళ్లీ మొదటికే. మంచి అలైన్‌మెంట్ కుర్రాడు ముందు చక్రాలు ఊపి చూసి, "టై రాడ్ మార్పించుకుని రండి" అని వెనక్కి పంపుతాడు. అలా పంపినవాడిని వదులుకోకండి.

కిందికి వంగి చూసే పరీక్ష

అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇదే. దీనికి చక్రాలు నేల మీదే ఉండాలి. పిట్ మీదో, నాలుగు చక్రాలూ ఆనే ర్యాంపు మీదో బండి పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఒకరు స్టీరింగ్‌ను అటు ఇటు కొద్దికొద్దిగా, గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట మేరకే, వేగంగా ఊపాలి. ఇంకొకరు కింద నుంచి ఒక్కో జాయింట్ మీదా వేళ్లు ఆనించి చూడాలి. బాగున్న జాయింట్‌లో రెండు ముక్కలూ ఒకేసారి కదులుతాయి. పోయినదాంట్లో ఒకటి ముందు కదిలి, రెండోది ఆలస్యంగా అందుకుంటుంది. ఆ ఆలస్యం వేలికి 'టక్' మని తగులుతుంది, చూపుకు అందనంత చిన్నదైనా.

ఆ చూసేటప్పుడు ఈ చోట్లు వదలకండి. చక్రం దగ్గర ఉండే టై రాడ్ ఎండ్: రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు బయటికి వచ్చి, దాని మీద మట్టి నల్లటి పిండిలా పేరుకుని ఉంటే దానికి రోజులు దగ్గరపడ్డాయి. అక్కడి నుంచి లోపలికి, మడతలున్న రబ్బరు బూటు లోపల టై రాడ్‌ను ర్యాక్‌కు కలిపే జాయింట్, అంటే ర్యాక్ ఎండ్ ఉంటుంది. బూటు మెత్తగా ఉంటుంది కాబట్టి పైనుంచే గట్టిగా పట్టుకుంటే లోపలి కొట్టుకోవడం తెలుస్తుంది. తర్వాత ర్యాక్ మొత్తం బాడీని చూడండి. స్టీరింగ్ ఊపినప్పుడు ర్యాక్ మొత్తం అటూ ఇటూ జరిగితే దాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే బుష్‌లు పోయాయి. ర్యాక్‌కు ఏమీ కాలేదు! బుష్ మార్చాల్సిన చోట ర్యాక్ మార్చే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చివరగా స్టీరింగ్ కాలమ్ నుంచి ర్యాక్‌లోకి దిగే కడ్డీ. దాని జాయింట్‌లో పైముక్క తిరిగాక కింద ముక్క తిరిగితే దొంగ అక్కడున్నాడు.

ఇంతవరకూ ఏమీ దొరక్కపోతే జాకీ. బండి కిందికి దూరేటట్లయితే జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. చక్రాన్ని మూడు, తొమ్మిది గంటల దగ్గర పట్టుకుని ఊపితే కదలిక ఉందా? స్టీరింగ్ జాయింట్లు. పన్నెండు, ఆరు దగ్గర ఊపితే ఉందా? వీల్ బేరింగో, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది చేయి) చివరి బాల్ జాయింటో. ఈ రెండిటిలో ఏదో తెలుసుకోవడానికి ఒకరిని బ్రేక్ తొక్కమనండి. తొక్కగానే కదలిక ఆగిపోతే బేరింగ్, అయినా ఉంటే బాల్ జాయింట్. బేరింగ్ పోతే స్పీడుతో పాటు పెరిగే గూగూ శబ్దం కూడా మామూలుగా వస్తుంది.

ముందు భాగమంతా బాగున్నా హైవే మీద బండి తేలుతుంటే వెనక్కి వెళ్లండి. ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటి వాటిలో వెనక యాక్సిల్ పక్కకు జరగకుండా అడ్డంగా ఒక రాడ్ ఉంటుంది. దాని చివరల రబ్బరు బుష్‌లు అరిగితే, లేన్ మారేటప్పుడు బండి వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. డ్రైవర్‌కు అది స్టీరింగ్ లూజులాగే ఉంటుంది. ఈ బుష్‌ల సంగతి ఎవరికీ వెంటనే తట్టదు. ర్యాక్ మార్చాక కూడా తేడా రాలేదనేవాళ్లు ఒకసారి అక్కడ చూపించుకోవడం మంచిది.

దొరికాక: ఏది కొనాలి

టై రాడ్ ఎండ్ విషయంలో పెద్దగా ఆలోచించేది లేదు. ఇది ప్రాణం నిలబడే పార్ట్. కంపెనీ ప్యాకింగ్‌లోది, లేకపోతే కార్ల కంపెనీలకే స్టీరింగ్ పార్టులు చేసిచ్చే రాణే లాంటి తయారీదారు సొంత డబ్బాలోది తీసుకోండి. రెండోది తరచూ చవక, నాణ్యత నమ్మదగ్గది. పేరు సరిగ్గా లేని డబ్బాలో సగం ధరకు వచ్చేది ఎంత మెరిసినా వద్దు. ఒక పక్క పోయి, రెండో పక్క కూడా అదే వయసుదైతే, రెండూ ఒకేసారి వేయించండి. ఎలాగూ అలైన్‌మెంట్ డబ్బులు ఒక్కసారే కట్టాలి. ర్యాక్ ఎండ్ ఇందులో కొంచెం ఎక్కువ పని, ప్రత్యేకమైన పానా కావాలి. అది విప్పినప్పుడు చిరిగిన బూటు కూడా కొత్తది వేయించకపోతే ఒక వానాకాలంలోనే నీళ్లు, ఇసుక లోపలికి చేరి ఈసారి నిజంగానే ర్యాక్‌ను తింటాయి.

లోయర్ ఆర్మ్‌లో రెండు దారులు. బుష్ మాత్రమే ప్రెస్ కొట్టించడం, లేదా బుష్‌లు, బాల్ జాయింట్‌తో సహా ఆర్మ్ మొత్తం మార్చడం. బాల్ జాయింట్ గట్టిగా ఉండి, బండి యాభై, అరవై వేల కిలోమీటర్లే తిరిగి, మంచి ప్రెస్ ఉన్న షెడ్డు దగ్గర్లో ఉంటే బుష్ ఒక్కటే చాలు. లక్ష దాటిన బండికి ఆర్మ్ మొత్తం మార్చడమే నాకు లాభంగా కనిపిస్తుంది. బుష్ వేసిన ఏడాదికే బాల్ జాయింట్ పోతే లేబర్, అలైన్‌మెంట్ మళ్లీ కట్టాలి కదా. బుష్ వేసినవాడు ఆర్మ్ బోల్టును బండి జాకీ మీద ఉండగానే పూర్తిగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. మీ ముందే పని చేయిస్తే ఇది అడిగి చేయించుకోండి.

ఇక ర్యాక్. ఇక్కడ నాలుగు దారులున్నాయి, నాలుగింటికీ నాలుగు రకాల మాయలున్నాయి.

మొదటిది బిగింపు. చాలా ర్యాక్‌లలో పళ్లను దగ్గరగా నొక్కి ఉంచే స్ప్రింగు, దాని మీద బిగించే నట్టు ఉంటాయి. పావు మలుపు బిగిస్తే చిన్న లూజు పోతుంది, ఖర్చు దాదాపు సున్నా. కానీ ర్యాక్ పళ్లు అరిగేది మధ్యలో, నేరుగా వెళ్లేటప్పుడు ఎక్కువగా రాసుకునే చోట. మధ్యలో లూజు పోయేదాకా బిగిస్తే పక్కల అరగని చోట పట్టేస్తుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, ఇది లూజు కన్నా ప్రమాదం. బిగించాక ముందు చక్రాలు గాలిలో ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఎక్కడా పట్టకుండా తిరుగుతోందో లేదో చూడాలి.

రెండోది ఓవరాలింగ్. హైడ్రాలిక్ ర్యాక్‌కు సీల్ కిట్ వేస్తారు. ఆయిల్ లీకవుతుంటే ఇది సరైన పనే. లూజు కోసం మాత్రం సీల్ కిట్ ఒక్కటే వేయించుకుంటే డబ్బు దండగ. లీకుతో స్టీరింగ్ బరువెక్కుతుంది, గుయ్‌మని అరుస్తుంది, కానీ ప్లే రాదు. ప్లే పోవాలంటే ర్యాక్ లోపలి బుష్, నొక్కుడు ప్యాడ్ కూడా మారాలి. షెడ్డువాడిని నేరుగా ఇలా అడగండి: "సీళ్లేనా, బుష్ కూడా వేస్తున్నారా? పళ్లు చూపిస్తారా?" పళ్లు మధ్యలో తరిగిపోయి ఉంటే ఏ కిట్టూ వాటిని తిరిగి తేలేదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, హైదరాబాద్ ఆటోనగర్‌లో ర్యాక్ పనులు చేసేవాళ్ల దగ్గర పాత బుష్‌ను పక్కన పెట్టి చూపించమంటే చూపిస్తారు. చూపించని చోట చేయించకండి.

మూడోది సెకండ్‌హ్యాండ్ ర్యాక్. తుక్కు బండ్ల నుంచి తీసిందన్నమాట. ధర ఊరిస్తుంది. ఆ బండి తుక్కుకు ఎందుకొచ్చింది అన్నది ఆలోచించాలి. ముందు గుద్దుడు తిన్న బండిదైతే ర్యాక్ బార్ వెంట్రుకంత వంగి ఉండొచ్చు, బయటికి తెలియదు. అందుకే ఇది నా జాబితాలో ఆఖరిది. కొత్తది దొరకని పాత మోడళ్లకు తప్ప తీసుకోమనను.

నాలుగోది కొత్తది. ర్యాక్ పళ్లు అరిగాయని కళ్లతో చూశాక, బండి ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకునేట్లయితే ఇదే దారి. ఏడాదిలో అమ్మేసే బండి అయితే మంచి చోట బుష్‌తో సహా ఓవరాలింగ్ సరిపోతుంది.

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో లెక్క మారుతుంది. క్రెటా లాంటి వాటిలో మోటారు డ్యాష్‌బోర్డు కింద కాలమ్ మీద ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ కొద్దిగా ఊపితే చేతికి టక్ టక్ తగిలి, కింద జాయింట్లన్నీ గట్టిగా ఉంటే, మోటారుకూ గేరుకూ మధ్య ఉండే చిన్న రబ్బరు కప్లింగ్ నలిగిపోయి ఉండొచ్చు. హ్యుందాయ్, కియా బండ్లలో ఇది చాలా దేశాల్లో వాడకందార్లకు తెలిసిన సంగతే. పార్ట్ చూస్తే అరచేతిలో పట్టేంత, ధర కూడా అంతంతే. కాలమ్ దించి ఎక్కించే లేబరే అసలు ఖర్చు. కాలమ్ మొత్తం మార్చాలన్న ఎస్టిమేట్ వస్తే, కప్లింగ్ విడిగా దొరుకుతుందేమో అడిగి చూడండి. కానీ ఈ పని రోడ్డు పక్క షెడ్డులో వద్దు. బ్యాటరీ తీయకుండా విప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగొచ్చు. కాలమ్ విడిగా ఉన్నప్పుడు స్టీరింగ్ చక్రం అటూ ఇటూ గిరగిరా తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే చుట్టల వైరే తెగొచ్చు. అప్పుడు మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

షోరూమా, ఆటోనగరా

వారంటీ ఉంటే షోరూమే, రెండో మాట లేదు. బుష్‌లను అరిగే పార్టులుగా చూసి వారంటీకి ఇవ్వకపోవచ్చు గానీ, ర్యాక్ గురించి తప్పక అడగండి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ తంటా అయినా షోరూమే, వాళ్ల స్కానర్ అవసరం. వారంటీ అయిపోయిన హైడ్రాలిక్ బండికి టై రాడ్, ఆర్మ్, బుష్ పనులైతే సస్పెన్షన్ మాత్రమే చేసే మంచి మెకానిక్ చాలు, పార్టులు మీరే కొనివ్వచ్చు. షోరూమ్ మొత్తం అసెంబ్లీ మార్చమంటే, అతను ఏది మార్చాలో అదే మారుస్తాడు. ర్యాక్ పోయిందని ఒకచోట అంటే రెండో చోట ఆ మాట చెప్పకుండా చూపించండి. రెండు చోట్లా వేళ్లు ఒకే జాయింట్‌ను చూపిస్తే నమ్మొచ్చు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదలకు క్లెయిమ్ రాదు. పెద్ద గుంతలోనో, డివైడర్‌కో కొట్టి వంగితే మాత్రం అది ప్రమాదం కింద వస్తుంది, ఆ రోజే ఫొటోలు తీసి చెప్పండి.

అలా కొట్టాక స్టీరింగ్ ఒక్కసారిగా లూజయినా, నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ చక్రం వంకరగా ఉన్నా, ఇటీవల కింద పని చేయించిన బండికి కొత్తగా టక్ టక్ వచ్చినా ఈ పోలికలన్నీ పక్కన పెట్టండి. బండి అక్కడే ఆపి టోయింగ్ పిలవండి. మెల్లగా అరిగే జాయింట్ కొన్నాళ్లు టైమిస్తుంది. ఊడుతున్న నట్టు ఇవ్వదు.

పని పూర్తయి బండి తీసుకునేటప్పుడు మూడు చూసుకోండి. టై రాడ్ నట్టుకు స్ప్లిట్ పిన్ ఉండే రకమైతే కొత్త పిన్ వేశారా. రంధ్రం కలవకపోతే నట్టు ఇంకొంచెం బిగించాలే తప్ప వెనక్కి వదలకూడదు. టై రాడ్ మీది లాక్ నట్టు అలైన్‌మెంట్ తర్వాత బిగించారా, మెషీన్ మీద నుంచి దించే హడావిడిలో మర్చిపోయేది అదే. ఈఎస్‌సీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండి అయితే అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ రీసెట్ చేశారా, లేకుంటే డ్యాష్‌బోర్డులో లైటు వెలగొచ్చు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఓసారి నడిపి, వెయ్యి కిలోమీటర్ల లోపు అదే మెకానిక్‌తో ఆ నట్లను మళ్లీ ఓసారి పానాతో చూపించండి.